గడప ఒక్కటి వదిలేసి

మా వీధిలో ఇళ్ళు కడిగే ఆమె దినకూలికి రాదు. గుత్తకు మాట్లాడుకోవాలి. ఇల్లంతా ఒకసారి తిరిగి చూసి, వంటింటి గోడమీద వేలితో గీసి, వేలికంటిన మసిని బట్టి ఇంత అని చెబుతుంది. ఆ తర్వాత పని ఒక్క రోజులో తేలినా, మూడు రోజులు పట్టినా అది ఆమె తంటా. రోజూ వచ్చి అంట్లు తోమే పని ఆమె ఒప్పుకోదు. ఎవరైనా ఇల్లు ఖాళీ చేసి పోయినప్పుడు, పెళ్ళింట్లో పందిరి తీసేశాక, పురుడు వెళ్ళిన మర్నాడు, చావు జరిగిన ఇంట్లో కర్మలయ్యాక, ఇలాంటప్పుడే ఆమెను పిలుస్తారు. ఒకసారి పిలిచినవాళ్ళు మళ్ళీ ఎన్నేళ్ళకు పిలుస్తారో తెలియదు. నెల జీతం మీద పనిచేసేవాళ్ళు ఈ నెల బాకీని వచ్చే నెల అడగొచ్చు. ఆమెకు ఆ వీలు లేదు. పని అయిన రోజు చేతికి రాని డబ్బు ఇక రానట్టే.

ఇదంతా నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలియదు.

ఆమెను మొదట చూసింది నా పురిటప్పుడు. కర్నూల్లో పెద్దాసుపత్రి ఉంది కదా అని నేను పుట్టింటికి, వేంపల్లెకు పోకుండా ఇక్కడే ఉండిపోయాను. మా అమ్మే వచ్చింది. పదకొండో రోజు ఆమెను పిలిపించి గదులన్నీ కడిగించింది. నల్లటి నాపబండల మీద ఆమె ఇటుకపొడి చల్లి, కొబ్బరిపీచుతో గుండ్రంగా రుద్దుతూ వెనక గది నుంచి వాకిలి దాకా వస్తుంటే, మంచంమీద పాపను పక్కలో పెట్టుకొని చూస్తూ పడుకున్నాను. ఆమెకు నలభై అయిదేళ్ళుంటాయి. మొగుడు బేతంచెర్ల దగ్గర బండల గనిలో పనిచేస్తాడు, రెండు మూడు నెలలకొకసారి వస్తాడు. పెద్దమ్మా అని పిలవడం అప్పుడే అలవాటయింది.

ఆ ఏడే రాజధాని హైదరాబాదుకు పోయింది. మూడేళ్ళ ముందు అది కర్నూలుకు వచ్చినప్పుడు ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ అందరూ ఇళ్ళు కట్టి బాడుగలకిచ్చారు. పోయినప్పుడు వారానికి రెండిళ్ళు ఖాళీ అయ్యాయి. గోడలమీద బొగ్గుతో 'ఇల్లు బాడుగకు ఇయ్యబడును' అని రాతలు. పొద్దున లేస్తే ఏదో ఒక వాకిట్లో లారీ. మా ఆయన పనిచేసే ఆఫీసు కర్నూల్లోనే ఉండిపోయింది కానీ, జీతాల కాగితాలు మాత్రం ఏదో లారీ ఎక్కిపోయినట్టున్నాయి. రెండు నెలలుగా జీతం లేదు. రెండు నెలలుగా బాడుగా ఇవ్వలేదు.

మా ఇంటాయన, అంటే ఇంటి యజమాని, పల్లెలో ఉంటాడు. సేద్యగాడు. రాజధాని రోజుల్లో ఒకే వరుసలో మూడిళ్ళు కట్టాడు. మేమున్నది నడిమి ఇల్లు. మా కుడిపక్క ఇంట్లో ఉన్న ఆఫీసరు కుటుంబం ఒక సోమవారం సామానంతా సర్దుకొని హైదరాబాదుకు వెళ్ళిపోయింది. మర్నాడు ఇంటాయన వచ్చి తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

"శుక్రవారం పది గంటలకు కొత్తోళ్ళు దిగుతారమ్మా. నువ్వు సదువుకున్నదానివి, ఆ బండలు కడిగే ఆమెను పిలిపించి నీ కండ్ల ముందర కడిగించు. నేను శుక్రవారం పొద్దున్నే ఏడు గంటల బస్సుకొచ్చి అంతా సూసుకుంటా."

సరే పెద్నాయనా అన్నాను. బాడుగ బాకీ ఉన్న మనిషి ఇంకేమంటుంది?

నేను భయస్థురాలిని. చిన్నప్పటి నుంచీ కొంత ఉండేది, పాప పుట్టాక మరీ ఎక్కువైంది. రాత్రి మూడుసార్లు లేచి దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. తలుపు గడియ వేసి, వేశానా లేదా అని మళ్ళీ పోయి చూస్తాను. బి.ఏ. చదివినదానికి ఇదేం పిరికితనమని మా ఆయన నవ్వుతాడు. బి.ఏ.లో ధైర్యం ఒక పాఠంగా లేదు. ఎవరైనా నామీద ఒక పని పెడితే అది అయ్యేదాకా నాకు అన్నం సహించదు. అందుకే ఆ తాళంచెవి చేతిలో పడగానే పెద్దమ్మకు కబురు పంపాను.

పెద్దమ్మ వచ్చింది. ఇల్లు చూసింది. ఆఫీసరు పిల్లలు గోడలనిండా బొగ్గుతో ఏనుగులు గీశారు. వంటింట్లో పొగగొట్టం ఉన్నా దాన్ని గోనెసంచితో మూసేసి వండుకున్నట్టున్నారు. పైకప్పు నుంచి మసి తాళ్ళలాగా వేలాడుతోంది.

"ఆఫీసరింటోళ్ళు, శానా శుభ్రంగా ఉంటారనుకుంటి," అంది గోడకు వేలు రాసి చూపిస్తూ. "ఈ మసి సూడు. దున్నపోతుకు రంగేయొచ్చు."

"ఎంత పెద్దమ్మా?"

"ఆరు రూపాయలు."

"నాలుగు." మా అమ్మ ఎప్పుడూ రెండు తగ్గించి అడుగుతుంది. నాకూ అదే వచ్చింది.

"నాలుగుకైతే వంటిల్లు వదిలేస్తా. కొత్తోళ్ళను వాకిట్లో వండుకోమను."

ఆరుకే ఒప్పుకున్నాను. బుధవారం, గురువారం రెండు రోజులు పని. గోడలకు తడి బూడిద పట్టించి గీకింది. కాగెడు నీళ్ళు కాచి చాకలిసోడా కలిపి బండలమీద పోసి, ఒక్కొక్క బండా నాలుగుసార్లు రుద్దింది. నేను పాపను చంకనేసుకొని గంటకొకసారి పోయి చూసి వచ్చేదాన్ని. చూడటానికేముంది? ఇంటాయన నా కండ్ల ముందర కడిగించమన్నాడని పోవడమే.

గురువారం సాయంత్రానికి ఇల్లంతా అద్దంలాగా అయింది. గడప ఒక్కటి మిగిలింది. రెండు రోజుల మురికినీళ్ళు దాటిపోయిన గడప, మట్టి చారలతో అట్లాగే ఉంది. ఆమె పరక, బకెట్టు సర్దుకుంటోంది.

"గడప?" అన్నాను.

"అది రేపు. పొద్దున్నే పై వీధిలో పెండ్లింటి పని ఉండాది. చేసుకొని తొమ్మిదికంతా వస్తా. ఇంటాయన వస్తే నిలబెట్టు. పోనీయొద్దు. గడప మాత్రం ముట్టొద్దు, నేనే వచ్చి కడుగుతా."

"కొత్తవాళ్ళు ముందే వస్తే?"

"పదికంటివి గదా."

అవును, పదింటికనే ఇంటాయన చెప్పాడు. ఆమె పోతూ పోతూ మళ్ళీ నిలబడింది. "పన్నెండు గంటల కడప బస్సుకు నేను పోతాండా. కడపలో దిగి ఇంగో బస్సెక్కాల, కమలాపురానికి. మా పాపకు నెలలు నిండినాయి. వాళ్ళత్త ఒట్టి పీనాసిది, మంత్రసానికి దుడ్లియ్యాలంటే అది బిడ్డ బయటికొచ్చినాక సూస్తామంటాదంట. ఈ ఆరు చేతిలో పడితే రేపు రాత్రికి నేనాడుంటా."

ఆ మాట విన్నప్పుడు నాకు నా పురుడే గుర్తొచ్చింది. మా అమ్మ పక్కన లేకపోతే ఏమయ్యేదాన్నో. నువ్వేం దిగులు పడకు పెద్దమ్మా, ఇంటాయన్ను నేను నిలబెడతానన్నాను.

శుక్రవారం ఏడింటికి ఇంటాయన రాలేదు. ఏడున్నర దాటాక రెండు జట్కాబండ్లు వచ్చి పక్కింటి ముందు ఆగాయి. కొత్తవాళ్ళే. పదింటికి రావలసినవాళ్ళు! ఎనిమిదింబావు నుంచి వర్జ్యమనీ, అంతలోపలే పాలు పొంగించాలనీ వాళ్ళ పురోహితుడు రాత్రి చెప్పాడట. ముందు బండిలో నుంచి ఒక ముసలామె దిగింది. వెనక ఆమె కోడలు, చేతిలో పాలగిన్నె. ఆ కోడలికీ నా వయసే ఉంటుంది. నేను పరుగెత్తి తాళం తీశాను.

ముసలామె అడుగు ముందుకు వేయబోయి ఆగిపోయింది.

"ఇదేందమ్మా! లోపల సూస్తే మొగం కనపడేట్టుండాది. గడపకు ఈ మట్టేంది? పాలు పట్టుకొని దీనిమీదనా కోడలు పిల్ల దాటేది?"

"కడిగే ఆమె తొమ్మిదికొస్తుందమ్మా..."

"తొమ్మిదికా! వర్జ్యంలో కాపరం పెట్టమంటావా?"

కోడలు పాలగిన్నె పట్టుకొని నిలబడి నా వైపే చూస్తోంది. జట్కావాడు, సామాను మోసేవాళ్ళు, ఎదురింటి అరుగుమీద ఇద్దరు ఆడవాళ్ళు, అందరూ చూస్తున్నారు. ముట్టొద్దని ఆమె చెప్పిన మాట నాకు గుర్తుంది. మరిచిపోయి చేశానంటే అబద్ధం. ఎందుకు ముట్టొద్దందో మాత్రం నేను ఆలోచించలేదు. పసుపు పూస్తే ఆరిపోతుందనో, కాళ్ళు పడతాయనో, ఏదో పనివాళ్ళ పట్టింపు అనుకున్నాను. మా ఇంట్లోకి పోయి బకెట్టు నీళ్ళు, పీచు తెచ్చి గడప కడిగేశాను. ఇంత పసుపు పూశాను. కుంకుమ బొట్లు పెట్టి, ముందు రెండు గీతల ముగ్గు కూడా వేశాను. "నీ కడుపు చల్లగుండ," అంది ముసలామె. కోడలు కుడికాలు పెట్టి లోపలికి పోయింది. కాసేపటికి పాలు పొంగాయి. నాకు చక్కెర కలిపిన పాలు ఒక గ్లాసు తెచ్చిచ్చారు. ఆ పాలు తాగుతూ, ఒక పని సరిగ్గా చేశానని కొంచెం పొంగిపోయాను కూడా.

ఎనిమిదిన్నరకు ఇంటాయన వచ్చాడు. బస్సు దారిలో ఆగిందట. పక్కింటి ముందుకొచ్చి, గడప చూసి, అక్కడే ఆగి నవ్వాడు.

"ఓహో, అయిపోయిందే! మేలయింది. ఆఫీసరు మాటమీద నిలబడినాడు సూడు. పోయేటప్పుడు, కడిగించేది నేనిచ్చి పోతాలే పెద్దాయనా అన్న్యాడు. నేను నమ్మలేదు. నమ్మకనే దుడ్లు రొంటిన చెక్కుకొని వచ్చినా."

నాకు అర్థం కాలేదు. "ఆయన ఇచ్చారని ఎట్లా తెలిసింది పెద్నాయనా?"

"గడప కడిగింది గదమ్మా! ఆ యమ్మ దుడ్లు చేతిలో పడందే గడప ముట్టదు. ఇది ఊరంతా ఎరిగిన మాట. ఆ నడుమ మా తమ్మునింట్లో అట్లనే నాలుగు దినాలు గడప కడక్కుండా పెట్టింది. వాని పెండ్లాము ఇంటికి సుట్టాలొస్తారని ఏడ్సి ఇప్పించింది." నవ్వుతూనే నా వైపు తిరిగాడు. "మీ ఆయనకు జీతమొచ్చిందా?"

"ఇంకా రాలేదు పెద్నాయనా."

"సరేలే. వచ్చినప్పుడే రెండు నెలలదీ ఒకతూరి ఇయ్యండి. నేనేం పరాయోన్నా?"

గడప నేను కడిగానని అప్పుడే చెప్పాలి. నోటిదాకా వచ్చింది. కానీ ఆ మాట చెబితే ఆరు రూపాయలు ఇవ్వమని అడిగినట్టు. రెండు నెలల బాడుగ ఇవ్వనిదాన్ని, పరాయివాణ్ణా అని మర్యాదగా అన్న మనిషిని, ఏం మొహం పెట్టుకొని డబ్బడగను? ఆయన కొత్తవాళ్ళతో రెండు మాటలు మాట్లాడి, శెనక్కాయల మండీలో పని ఉందని వెళ్ళిపోయాడు. వీధి మలుపు తిరిగేదాకా ఆయన తలగుడ్డ చూస్తూ నిలబడ్డాను.

మా ఆయన అప్పుడే స్నానం చేసి వచ్చాడు. చెప్పాను.

"జీతం రానీ, మనమే ఇద్దాం," అన్నాడు.

"పన్నెండుకు ఆమె బస్సు."

"ఆఫీసులో ఎవరినైనా అడిగి చూస్తా." అన్నాడే కానీ, ఆ ఆఫీసులో ఎవరికీ జీతం రాలేదని ఇద్దరికీ తెలుసు. "నేను పోయి ఇంటాయనతో చెప్పనా?" అని కూడా అన్నాడు. కడిగింది నువ్వు కాదుగా అన్నాను. ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ టైమైందని వెళ్ళిపోయాడు.

తొమ్మిదికి పెద్దమ్మ వచ్చింది. బకెట్టు చప్పుడు వినగానే నేను వాకిట్లోకి పోయాను. ఆమె పక్కింటి గడప ముందు నిలబడి ఉంది. వంగి వేలితో పసుపు ముట్టి చూసింది.

"ఎవురు కడిగినారు?"

"నేనే."

"పసుపు శానా పూసినావే. పెండ్లికూతురు కాళ్ళకు పూసినట్టు." నవ్వలేదు. "ఇంటాయన యాడ?"

"వచ్చి పోయినాడు."

"దుడ్లు?"

జరిగిందంతా చెప్పాను. వర్జ్యం సంగతి, ముసలామె సంగతి, ఇంటాయన అన్న మాట. నేను నోరు తెరవలేదన్నది కూడా దాచలేదు. ఆమె మా అరుగుమీద కూలబడింది.

"సూడమ్మా," అంది. "మా పాప పాలు తాగే పిల్లగా ఉన్న్యప్పుడు ఒకరింట్లో పెండ్లికి ముందర మూడు దినాలు కడిగినా. అంతా అయినాక ఇయ్యమంటే, ఇచ్చినాము గదా అన్న్యారు. ఇయ్యలేదంటి నేను. ఇచ్చినామన్న్యారు వాళ్ళు. వాళ్ళు పదిమంది, నేనొక్కదాన్ని. ఎవురు నమ్ముతారు? అప్పట్నుంచి గడప ముట్టను. కడిగిందంటే ఇచ్చినట్టు, కడగలేదంటే ఇయ్యనట్టు. పోయేటోళ్ళు వచ్చేటోళ్ళు అందరూ సూస్తారు, నేనెవురితో కొట్లాడే పని లేదు. ఇన్నేండ్లూ ఒక్కరూ నాది ఎగ్గొట్టలేదు."

ఆమె పసుపంటిన వేలిని చీరకొంగుకు తుడుచుకుంది.

"నువ్వు మేలు చేద్దామనే చేసినావులే. ఇప్పుడు నాకు ఇయ్యలేదని నేనంటే ఎవురు నమ్మాల? అది కూడా సెప్పు."

"నేను చెబుతా పెద్దమ్మా. ఇంటాయన మండీలో ఉన్నాడు. పోయి చెబుతా."

ఆమె నా మొహం చూసింది. నమ్మినట్టు లేదు, నమ్మనట్టూ లేదు. "పన్నెండుదాకా బస్టాండులో కూచ్చుంటా. వస్తే ఎక్కుతా. రాకపోతే ఇంటికి పోతా." బకెట్టు మా వాకిట్లోనే పెట్టి వెళ్ళిపోయింది.

మండీకి నేను ఎప్పుడూ పోలేదు. ఆడవాళ్ళు అటువైపు పోరు. పాపను ఎవరికైనా ఇచ్చి పోదామంటే ఎవరికివ్వాలో తెలియలేదు. పాపకు రెండు రోజులుగా దగ్గు. దుప్పటి చుట్టి చంకనేసుకొని బయలుదేరాను. దారంతా ఆయనతో ఏమనాలో లోపల చెప్పుకుంటూనే ఉన్నాను. పెద్నాయనా, ఒక పొరపాటు జరిగింది. కాదు. పెద్నాయనా, ఆఫీసరు డబ్బివ్వలేదు. అది నాకెట్లా తెలుసంటే? మండీ గేటు దగ్గరికి పోయేసరికి ఒక్క వాక్యం కూడా మిగలలేదు.

లోపల శెనక్కాయల కుప్పలు, దుమ్ము, తూకం వేసేవాళ్ళ కేకలు. ఇంటాయన ఒక మంచంమీద కూర్చొని నలుగురితో టీ తాగుతున్నాడు. నన్ను చూసి గ్లాసు కింద పెట్టాడు.

"ఏమమ్మా, ఈడికొచ్చినావు? పిల్లకేమన్నా అయిందా?"

"గడప నేను కడిగినాను పెద్నాయనా."

ఎట్లా మొదలుపెట్టాలా అనుకున్నదాన్ని చివరి నుంచి మొదలుపెట్టాను. నలుగురూ నన్నే చూస్తున్నారు.

"ఏమంటాండావు?"

"పక్కింటి గడప. ఆమె కడగలేదు. వర్జ్యం వస్తాందని నేను కడిగినా. ఆఫీసరు ఇచ్చి ఉంటే ఆమే కడిగి పోయేది. ఇవ్వలేదు కాబట్టే గడప వదిలిపెట్టి పోయింది. నేను తెలియక కడిగేసినా."

పక్కనున్న దలాలి, మా వీధివాడే, పకపకా నవ్వాడు. "బి.ఏ. సదివి గడపలు కడుగుతాండావా తల్లీ? మా ఇంటికి గూడా ఒకతూరి రా. మా ఆడోళ్ళు ఎస్.ఎస్.ఎల్.సి. గూడా సదవలేదు, గడప కడగమంటే మొగం తిప్పుకుంటారు!"

అందరూ నవ్వారు. పాప ఏడుపు అందుకుంది. నేను అక్కడే నిలబడ్డాను. పోవాలని కాళ్ళు లాగుతున్నాయి, కానీ పోతే పన్నెండింటి బస్సు పోతుంది.

ఇంటాయన నవ్వలేదు. "ఈ మాట పొద్దున నేనొచ్చినప్పుడు యాల చెప్పలేదు?"

"బాడుగ ఇవ్వలేదు కదా పెద్నాయనా. డబ్బు మాట ఎత్తడానికి సిగ్గయింది."

ఆయన కొంచెంసేపు మీసం దువ్వుకున్నాడు. రొంటి నుంచి అయిదు రూపాయల నోటు తీసి నాకిచ్చాడు.

"ఆరుకు ఒప్పుకున్నాం పెద్నాయనా."

"గడప ఆమె కడగలేదంటివి గదా. ఆ రూపాయి పట్టుకుంటాండా." దలాలి మళ్ళీ నవ్వాడు. "ఇది తీస్కపో. నీ బాడుగ నేనడగలేదమ్మా ఈ పొద్దు. నువ్వే ఎత్తినావు ఆ మాట."

ఆ రూపాయి కోసం వాదించకుండా నోటు తీసుకున్నాను. అప్పటికి పదకొండు దాటింది. ఇంటికి పరుగెత్తి, పాలామెకు ఇవ్వడానికి దాచిన నాలుగు పావలాలు తీసుకొని బస్టాండుకు పోయాను. కడప బస్సు వచ్చి నిలబడి ఉంది. కండక్టరు పైన మూటలు కట్టిస్తున్నాడు. పెద్దమ్మ వేపచెట్టు కింద మూటమీద కూర్చొని ఉంది. నన్ను చూసి లేచింది కానీ ఎదురు రాలేదు.

డబ్బు చేతిలో పెట్టాను.

"ఆయప్ప ఆరూ ఇచ్చినాడా?"

"ఇచ్చినాడు."

నోటు ఒక చేతిలోకి, పావలాలు ఒక చేతిలోకి విడదీసి చూసింది. "నోటు ఆయప్పదే. ఈ పావలాలు?"

"అవీ ఆయనవే."

"మండీలో ఇంటాయన పావలాలు మూటగట్టుకొని కూచ్చున్న్యాడా? అబద్దం చెప్పేటోళ్ళ మొగం ఇట్లుండదమ్మా, నేర్సుకో." అంటూనే పావలాలు కూడా కొంగుకు ముడేసుకుంది. "మాట్లాడుకున్న్యది ఆరు. ఆరు తీసుకుంటా. నీ గడప పనికి మాత్రం నేను కూలియ్యను."

బస్సెక్కి కిటికీ దగ్గర కూర్చుంది. బస్సు కదిలేటప్పుడు మా పాప దగ్గుకు ఏం మందు ఇవ్వాలో అరిచి చెప్పింది. వాము కషాయమో, వాము పొగో, బస్సు మోతలో సరిగ్గా వినపడలేదు. రెండూ చేశాను.

కథ ఇక్కడితో అయిపోయి ఉంటే ఇది రాసే పనే లేదు.

ఆమె మూడు వారాలకు తిరిగొచ్చింది. మనవరాలు పుట్టింది. "నల్లగా ఉండాది, గట్టిగా ఏడుస్తాది, మంచి పిల్ల," అని చెప్పింది. కానీ ఆ మూడు వారాల్లో మండీలో నవ్విన నవ్వు ఊరంతా తిరిగింది. బి.ఏ. చదివినామె గడప కడిగిన కథ. నవ్వుకుంటే నవ్వుకున్నారు. దాంతోపాటు ఇంకొకటి కూడా తెలిసిపోయింది: ఆ గడప ఎవరు కడిగినా కడిగినట్టే ఉంటుందని. పై వీధిలో ఒక ఇంటి పని ఆమె ముగించి గడప వదిలితే, ఆ ఇంటావిడ తనే చెంబెడు నీళ్ళు పోసి పసుపు రాసి, "వచ్చే వారం రా, ఇస్తాం," అందట. ఆ తర్వాత ఇంకో ఇంట్లో. ఆ డబ్బు ఇప్పటికీ రాలేదు. ఇన్నేళ్ళు ఎవరితోనూ కొట్లాడకుండా ఆమె నడుపుకొచ్చిన పద్ధతిని నేను ఒక్క బకెట్టు నీళ్ళతో కొట్టుకుపోయేట్టు చేశాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

ఇప్పుడు ఆమె పరక పట్టకముందే సగం డబ్బు అడుగుతోంది. బావి దగ్గర ఆడవాళ్ళు రుసరుసలాడుతున్నారు.

"పని చెయ్యకముందే మూడు రూపాయలంట! ఎంత ఎక్కువైపోయిందో సూడు దానికి."

"తీసుకొని రాకపోతే ఏం చేస్తాము? కమలాపురం పోయి ఎతుక్కోవాల్నా?"

ఎవరూ నన్ను అడగలేదు. బిందె కింద పెట్టి నేనే అన్నాను. "రాకపోతే ఆ మూడు రూపాయలు నా దగ్గర తీసుకోండి. ఆమె ముందే అడుగుతోందంటే అది నా వల్లనే."

"నువ్వు పూచీ ఉంటావా?" అని ఎదురింటామె నన్ను కిందికీ పైకీ చూసింది. ఉంటానన్నాను. ఆ మాట నా నోటి నుంచి వచ్చిందంటే నాకే నమ్మకం కలగలేదు.

అప్పటి నుంచి నాలుగిళ్ళవాళ్ళు నన్ను చూసే ఆమెకు సగం ముందుగా ఇచ్చారు. నాలుగిళ్ళూ ఆమె చెప్పిన రోజుకే కడిగి ఇచ్చింది. అయినా ఆమె ఎవరి దగ్గర డబ్బు తీసుకున్నా ఆ ఇంటి పని అయ్యేదాకా నేను తలుపు గడియతో పాటు ఆ ఇంటి వైపు కూడా ఒకసారి చూసి పడుకుంటున్నాను. మా జీతం వచ్చింది, బాడుగ తీరింది, పాపకు దగ్గు తగ్గింది. భయపడటానికి ఇంకేమీ లేకపోతే ఇది ఉంది.

అయిదో ఇల్లు వీధి చివర బడిపంతులుది. రేపు సోమవారం పని మొదలు కావాలి. బుధవారం వాళ్ళింట్లో నిశ్చితార్థం. పంతులుగారి భార్య మూడు రూపాయలు నా ఎదుటే లెక్కపెట్టి ఇచ్చింది. మనవరాలికి ఉయ్యాల వేస్తున్నారని పెద్దమ్మ గురువారం కమలాపురం పోయింది. ఆదివారం సాయంత్రం బస్సుకు వస్తానంది. ఈ రోజు ఆదివారం. సాయంత్రం బస్సు వచ్చింది, ఆమె రాలేదు. పంతులుగారి భార్య దీపాలు పెట్టాక ఒకసారి, అన్నాలయ్యాక ఒకసారి వచ్చి అడిగి పోయింది. రెండోసారి వచ్చినప్పుడు ఆమె అన్నది ఒకటే, "నీ మాట మీద ఇచ్చినానమ్మా."

పెద్దమ్మ రాకుండా ఉండే మనిషి కాదు. బస్సు తప్పిపోయి ఉంటుంది, పిల్లకు ఒళ్ళు బాగాలేకపోయి ఉంటుంది. రేపు తొమ్మిదింటి బస్సుకు దిగుతుంది. కానీ తొమ్మిదిలోపల పంతులుగారి భార్య నాలుగిళ్ళవాళ్ళకు చెబుతుంది. ఆ తర్వాత పెద్దమ్మకు ఈ వీధిలో ముందుగా ఎవరూ పైసా ఇవ్వరు. వెనకాల ఇచ్చేవాళ్ళు ఎట్లాగూ లేరు. మూడు రూపాయలు నా దగ్గర ఉన్నాయి, తీసి పక్కన పెట్టాను. మూడు రూపాయలు తిరిగిస్తే నా పూచీ తీరుతుంది కానీ ఆమెకేం ఒరుగుతుంది?

అందుకే రాస్తూ రాస్తూ ఒకటి అనుకున్నాను. పొద్దున ఆరింటికి పంతులుగారింటికి పోయి వంటింటి గోడలకు తడి బూడిద పట్టించడం మొదలుపెడతాను. పెద్దమ్మ పంపిందని చెబుతాను. బూడిద నానడానికే మూడు గంటలు పడుతుంది, అంతలోపల బస్సు వస్తుంది. ఈసారి కూడా తొందరపడి ఆమె పనిలో చెయ్యి పెడుతున్నానేమోనని గుబులుగానే ఉంది. కాగితంమీద రెండు వైపులా రాసి చూశాను, ఇంకో దారి దొరకలేదు.

సోడా పొట్లం, పీచు బకెట్లో వేసి తలుపు దగ్గర పెట్టాను. మా ఆయనకు ఇంకా చెప్పలేదు.